ఎన్నికలును షేరు బజారును



ఎన్నికలు సమీపించినపుడెల్ల రచ్చబండ యొద్ద నొక ప్రశ్న పుట్టుచుండును: "ప్రభుత్వము మాఱినచో మన సొమ్మేమగును?" పూర్వమీ ప్రశ్న భూమి శిస్తును, ధాన్యపు ధరను గూర్చి యుండెడిది. నేడు మన పిల్లలు చేతిఫోనుల ద్వారా షేర్లు కొనుచున్నారు. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలకు గొంత వేయుచున్నారు. కావున ఢిల్లీ గద్దె కదలినచో మైపాడులోని పెట్టె కూడ గదలునేమో యను భయము సహజమే. ఈ భయమెంతవఱకు యుక్తమో చరిత్రను బట్టి విచారింతము.

షేరనగా కంపెనీ యాస్తిలోను, లాభములోను మనకు గల వంతు. నలుగురు కలిసి పడవ కొని, పడిన చేపలను వంతుల చొప్పున బంచుకొనుట వంటిది. ఈ వంతులను అమ్ముకొను, కొనుకొను స్థలమే షేరు బజారు. ముంబయి దళారులు తొలుత మఱ్ఱిచెట్టు నీడను జేరి బేరములాడిరి. 1875లో సంఘముగా నేర్పడిరి. ముప్పది పెద్ద కంపెనీల ధరలను గూర్చి కట్టిన సూచికకు సెన్సెక్సని పేరు. 1978-79 నాటి ధరలను 100గా నుంచి దీనిని లెక్కింతురు.

2004 మే 13న లోక్‌సభ ఫలితములు వెలువడినవి. వాజపేయిగారి ప్రభుత్వమే మరల వచ్చునని బజారు నమ్మియుండెను, అది యోడిపోయెను. క్రొత్త ప్రభుత్వము వామపక్షముల మద్దతుపై నిలువవలసి వచ్చుటచే, ప్రభుత్వ సంస్థల వాటాల విక్రయ మాగిపోవునను భీతి వ్యాపించెను. మే 17న బేరములను రెండు పర్యాయములు నిలిపివేయవలసి వచ్చెను. సెన్సెక్సు ఒక దశలో 842 పాయింట్లు పడి, తుదకు 4505 వద్ద నిలిచెను. నూటికి 11 వంతులు ఒక్క దినమున హరించినవి. అయినను ఆ సంకీర్ణ ప్రభుత్వపు కాలముననే, 2007 అక్టోబరులో, సూచిక 20,000 దాటెను. భయపడి యమ్మినవారి నష్టము స్థిరమయ్యెను. ఓర్చినవారి నష్టము కాగితముపైననే యుండి మాసిపోయెను.

మఱియొక విశేషము. 2008లో అమెరికా బ్యాంకులు కూలినపుడు ఆ సూచికయే 8,000కు దిగువకు జాఱెను. ఆ పతనమునకు మన యెన్నికలతో సంబంధము లేదు. కాబట్టి యెన్నికలను మాత్రమే కాచుకొని కూర్చున్నవాడు అంతకంటె పెద్ద తుపానును గానలేడు.

2009 మే 18 నాటి కథ దీనికి విపరీతము. స్థిరమైన ప్రభుత్వ మేర్పడునని తెలియగనే బజారు ఒక్కనాడే నూటికి 17 వంతులు పెరిగెను. ఆ పెరుగుదల తలుపు తెఱచిన కొలది క్షణములలోనే యగుటచే బేరములను నిలిపివేసిరి. "ఫలితము తేలినపిమ్మట కొందము" అని వెలుపల నున్నవారికి లోనికి వచ్చు సందే దొరకలేదు.

2024లో రెండు దృశ్యములును ఒక్క వారమున గానవచ్చెను. ఫలితములకు ముందటి యంచనాలను నమ్మి జూన్ 3న సెన్సెక్సు 2,500 పాయింట్లు లేచెను. మఱునాడు భారతీయ జనతా పార్టీకి 543లో 240 స్థానములే వచ్చుటచే సుమారు 4,390 పాయింట్లు పడెను. పిదప తెలుగుదేశము 16 మంది సభ్యులతోను, బీహారు మిత్రపక్షము 12 మందితోను దోడు నిలువగా, జూన్ 7 నాటికి జూన్ 3 నాటి మట్టమును మించెను.

ఇట్లని యెన్నికలు మదుపును ఎన్నడు నంటవని చెప్పుట సత్యము గాదు. ధర వేఱు, ఆదాయము వేఱు. 2024 నవంబరులో అమెరికాలో జరిగిన యెన్నిక పిమ్మట, 2025 ఆగస్టు 27 నాటికి మన సరకులపై వారి సుంకము నూటికి 50 అయ్యెను. అది మన తీరపు రొయ్యల గుంటల వఱకు దాకెను. ఎగుమతి కంపెనీల షేర్లు దిగినవి. అమరావతికై రైతులు సుమారు 33 వేల యెకరములిచ్చిరి; 2019 ఎన్నికల పిదప మూడు రాజధానుల మాట పుట్టగా నచ్చటి భూముల ధర పడిపోయెను; 2024లో మరల లేచెను. ఆ నడుమ నైదేండ్లలో అక్కఱకై యమ్ముకొన్నవారికి పిదప లేచిన ధరతో నేమి లాభము? ఒక్క ప్రభుత్వపు నిర్ణయముపై, ఒక్క దేశపు బేరముపై సర్వమును నిలిపినచో ఓర్పు కూడ గాపాడజాలదు. పలు పరిశ్రమలలో బంచి పెట్టినదానికే ఓర్పు ఫలించును.

ఇంతకంటె భయంకరమైనది మఱియొకటి కలదు. ఫలితముల రాత్రి బజారు లేచునో పడునో యని ఫ్యూచర్లు, ఆప్షన్లలో పందెము గాయుట. బజారును పర్యవేక్షించు సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో బ్రకటించిన లెక్క ప్రకారము, 2021-22 మొదలు మూడేండ్లలో ఈ వ్యాపారము చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. ఇది మదుపు గాదు, జూదము.

కావున పెద్దలు ఇంటిలోని యువకులను మూడు ప్రశ్న లడుగుడు: ఈ సొమ్ము రెండు మూడేండ్లలో పెండ్లికో, చదువునకో కావలసినదా? ఒక్కచోటనే పెట్టితివా? అప్పు తెచ్చి పెట్టితివా? మూడింటికిని "కాదు, లేదు" అని యుత్తరము వచ్చినచో, ఎన్నికల దినమున వోటు వేసి వచ్చి నిశ్చింతగ నిద్రింపవచ్చును. ఒక్కదానికైన "అవును" అని వచ్చినచో, ఎన్నికలకు పూర్వమే దానిని సవరించుకొనుట మేలు.