గడీ గోడ, ఠాణా గోడ

కట్టడాల చరిత్రను మన విమర్శకులు ఇంజనీర్లకూ పురావస్తు శాఖకూ వదిలిపెట్టారు. గడీని మనం నవలల్లో చదువుకున్నాం. దాని గోడ ఎంత మందమో, బావి లోపల ఉందో వెలుపల ఉందో అడగలేదు. అడిగి ఉంటే భూస్వామ్యాన్ని గురించి మరికొన్ని సంగతులు తెలిసేవి.

2021 జూన్ 20న కామారెడ్డిలో కొత్త జిల్లా పోలీసు కార్యాలయాన్ని ప్రారంభించారు. ఆ భవనం బాగోగులు ఇక్కడ నా విషయం కాదు. సాయుధ బలగం కూర్చునే కచేరీని ఈ నేలమీద ఎలా కట్టాలి, భద్రత అంటే ఎవరికి, ఎవరి నుంచి అన్నదే నా విషయం. ఒకప్పుడు నిజామాబాదు జిల్లాలో తాలూకాలైన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలకు ఇది కొత్త ప్రశ్న కాదు.

కామారెడ్డికి దగ్గరలోనే దోమకొండ ఉంది. కామినేని వారి సంస్థాన కేంద్రమైన ఆ కోటను జనం గడికోట అంటారు. చుట్టూ కందకం, రాతిగోడ, బురుజులు. లోపల మహాదేవుని గుడి, అద్దాల మేడ. శిథిలమవుతున్న ఆ కోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించింది. మెచ్చుకోదగ్గ పనే. తెలంగాణ గడీల నిర్మాణంలో తెలివి ఉన్నదని ఒప్పుకోవడానికి మనం జంకనక్కరలేదు. మందపాటి గోడ పగటి వేడిని లోపలికి త్వరగా రానివ్వదు. నడిమి వాకిలి గుండా వేడిగాలి పైకి పోతుంది. డంగు సున్నం చెమ్మను పీల్చి మళ్లీ వదులుతుంది. నీళ్లకు బావి ఆవరణలోనే. రాయి, మట్టి, సున్నం, కలప చాలావరకు చుట్టుపక్కల దొరికినవే. ఇవాళ ‘సుస్థిర నిర్మాణం’ పేరుతో పుస్తకాలు బోధిస్తున్న దానిలో సగం అందులో ఉన్నది.

లేనిది కూలి. గడీలకు రాళ్లెత్తినవారిలో ఎందరో వెట్టివాళ్లు. 1923లో నిజాం ఫర్మానా వెట్టిని నిషేధించింది. కాని దాన్ని అమలు జరపవలసిన అధికారులే ఊళ్లోకి వస్తే కట్టెలూ కోళ్లూ సామాను మోతా అన్నీ వెట్టిమీదే నడిచేవి. ఇంకొక సంగతి. బ్రిటిష్ వారి అండలో ఉన్న రాజ్యంలో పల్లెటూరి దొర మీదికి దండెత్తి వచ్చే పరాయి సేన లేదు. అయినా గోడ లేచింది. అది లేచింది ఊరికి అడ్డంగానే.

ఠాణా వంశవృక్షం వేరు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వారు చేసిన 1861 పోలీసు చట్టానికి నమూనా ఐర్లండు కానిస్టేబులరీ. బ్యారక్కుల్లో ఉంటూ తుపాకి పట్టి, సొంత దేశపు రైతును అదుపులో ఉంచే బలగమది. హైదరాబాదులో సాలార్జంగు 1865లో జిలాబందీ తెచ్చాడు. జిల్లా పోలీసు యంత్రాంగం ఆ సంస్కరణల కాలంలోనే రూపుకట్టింది.

గడీ, ఠాణా కలిసింది తర్వాత. పాత గోడలను పాలకులు వృథాగా పోనివ్వరు. నిజామాబాదు ఖిల్లా జైలయింది. దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఖైదీలు. పళ్లు తోముకునే బొగ్గుతో దాశరథి ఆ గోడమీద పద్యం రాసిన సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలిసిందే. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత, 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల్లో దొరలు విడిచిపోయిన గడీలు అనేకం సైనిక, పోలీసు క్యాంపులైనాయి. యాదృచ్ఛికం అనుకోరాదు. ఎత్తయిన గోడ, ఒకే పెద్ద దర్వాజా, లోపల నీళ్లు. క్యాంపుకు కావలసినవన్నీ దొర ముందే అమర్చిపెట్టాడు.

1978 అక్టోబరు 20న సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. సిరిసిల్ల కామారెడ్డికి పొరుగు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో ఉత్తర తెలంగాణలో ఠాణాల గోడలు పెరిగాయి. ఇసుక బస్తాలు, ముళ్లకంచెలు, కాపలా బురుజులు వచ్చాయి. బురుజు అన్న మాటను ఇక్కడ అలంకారం కోసం వాడలేదు. లోపల ఉన్న కానిస్టేబులు భయం కూడా నిజమే. అతనూ ఏ పేదరైతు కొడుకో; మండుటెండలో రేకుల కింద నిలబడేది అతనే.

మరి ఎలా కట్టాలి? భవనమంతటినీ కోట చేయనక్కరలేదని నా అభిప్రాయం. నిజంగా బందోబస్తు కావలసినవి కొద్దిపాటి గదులే: ఆయుధాగారం, వైర్‌లెస్ గది, రికార్డు గది. వాటిని నడిమధ్యన పెట్టి మందంగా కట్టవచ్చు. వాహనాలను గోడకు దూరంగా ఆపే ఖాళీ నేల, చెట్లు, కందకం చేసిన పని చేస్తాయి. వాన నీరు అక్కడే ఇంకుతుంది. ముందు భాగం వరండా కావాలి. ఎల్లారెడ్డి అవతలి పల్లె నుంచి బస్సు దిగి ఫిర్యాదుతో వచ్చిన ఆడమనిషి నీడన కూర్చుని, మంచినీళ్లు తాగి, లోపలికి పోగలగాలి. వేసవిలో ఒంటిపూట ఎండకే కాగిపోయే అద్దాల ముఖభాగం పెట్టి, దాన్ని చల్లబరచడానికి రోజంతా కరెంటు కాల్చడం మన గడీ మేస్త్రీలకు నవ్వు తెప్పించే పని. పైకప్పు మీది సౌర ఫలకాలు ఆ తప్పును కప్పిపుచ్చవు.

లాకప్పు సంగతి వాస్తుశిల్పి చివరన తలుచుకుంటాడు. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు పరంవీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి పోలీసు స్టేషన్‌లో ప్రధాన ద్వారం, లాకప్పులు, నడవాలు, వరండాలు అన్నింటా కెమెరాలు ఉండాలనీ, రికార్డును 18 నెలలు భద్రపరచాలనీ ఆదేశించింది. అంటే లోపలివాణ్ణి గోడ లోపలి బలగం నుంచే కాపాడటం కూడా భద్రతలో భాగమని తీర్పు చెప్పినట్టయింది. కెమెరాకు కనిపించని మూల లేకుండా గదులు గీయడం నక్షా దశలో జరగవలసిన పని. కట్టాక కెమెరాలు తగిలిస్తే మూలలు మిగిలిపోతాయి.