వార్డు నౌక - తపాలా కవరుల సాక్ష్యము

అమెరికా నౌకాదళమునకు చెందిన 'వార్డు' అను విధ్వంసక నౌక, నిర్మాణమారంభించిన 18 దినములైనను నిండకయే, 1918 జూన్ 1వ తేదీన మేర్ ఐలండ్ నౌకాశాలలో జలప్రవేశము చేసినది. 1941 డిసెంబరు 7వ తేదీ ఉదయము, వైమానికదాడికి ముందే, పెర్ల్ హార్బరు ముఖద్వారముకడ ఒక జలాంతర్గామిపై గుండ్లు ప్రయోగించితిమని దాని యధిపతి ఔటర్‌బ్రిడ్జి వార్త పంపెను. సరిగా మూడేండ్లకు, 1944 డిసెంబరు 7న, ఓర్మాక్ అఖాతమున ఆత్మాహుతి విమానము తాకి మండుచున్న వార్డును ముంచవలసినవాడును అతడే. అప్పటికతడు 'ఓబ్రయన్' నౌక కధిపతి.

నౌకాముద్రలుగల కవరులను సేకరించువారికి 1932లోనే ఒక సంఘమేర్పడినది. యుద్ధమునకు పూర్వము తపాలాముద్రలో నౌక పేరుండెడిది. యుద్ధకాలమున నౌకల జాడ శత్రువునకు తెలియకుండుటకై పేరు తొలగించి, లేఖలను సెన్సారు చేసిరి. కావున నాటి కవరునకు నౌకతోగల సంబంధమును నిర్ణయించుటకు పంపినవాని చిరునామాయే మనకు ముఖ్యాధారము.

పిదప వెలువడిన స్మారక కవరులు 'తొలి గుండు' వార్డుదేయని చాటుచున్నవి. జనులు ఆ ఘటనను తలచుకొనిన తీరునే అవి తెలుపగలవు. ఘటనకు ప్రత్యక్షనిదర్శనము 2002లో, గుండు తూటుతో సముద్రగర్భమున కనబడిన జపాను జలాంతర్గామి రూపమున లభించినది. కవరు నుపయోగించు పరిశోధకుడు ఈ భేదమును మరువరాదని మా యభిప్రాయము.