ఖెర్సన్ మ్యూజియం జాబితా

ఉక్రెయిన్‌లో ద్నీపర్ నది ఒడ్డున ఖెర్సన్ నగరం ఉంది. 2022 నవంబరులో ఆ ఊరు విడిచి వెళ్లేముందు రష్యా సేనలు అక్కడి కళా మ్యూజియాన్ని నాలుగైదు రోజుల్లో ఊడ్చేశాయి. పదివేలకు పైగా కళాకృతులు పోయాయని మ్యూజియం లెక్క. వాటిని లారీలకెక్కించి క్రిమియాలోని సింఫెరోపోల్‌కు తరలించారు.

తైలవర్ణ చిత్రాలు పోతే నష్టమే, కాగితం మీది అచ్చు బొమ్మ పోతే ఏముంది అనిపించవచ్చు. నది దృశ్యాన్ని చెక్క మీద చెక్కి, సిరా పూసి అద్దితే ఎన్నో ప్రతులు వస్తాయి కదా! కానీ ఇంజనీరుగా నాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఒకే అచ్చులో పోసిన రెండు భాగాలకూ వేర్వేరు నంబర్లు వేస్తాం. మ్యూజియంలోనూ అంతే. ప్రతి ప్రతికీ రిజిస్టరులో సొంత నంబరు ఉంటుంది.

ఆ రిజిస్టరు డిజిటల్ నకలును ఖెర్సన్ సిబ్బంది కాపాడుకున్నారు. సింఫెరోపోల్ మ్యూజియంలో తీసిన వీడియోలను దానితో పోల్చి, తమ చిత్రాలను ఒక్కొక్కటిగా గుర్తిస్తున్నారు. యుద్ధకాలంలో ఇలాంటి దోపిడీని 1954 నాటి హేగ్ ఒప్పందం నిషేధించింది. అయితే పోయినదేమిటో చూపలేనివారికి ఏ ఒప్పందమూ అక్కరకు రాదు.

మన బడి బీరువాల్లోనూ పాత ఫొటోలు, హాజరుపట్టీలు, చేతిరాత పత్రికలు ఉన్నాయి. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో వాటికి నంబర్లు వేసి, ఫొటోలు తీసి, జాబితా రాసి పెడదాం. ఆదివారాలు నేను వస్తాను.