ఖిలాఫత్ చందా: వసూలు, అమానత్, లెక్క

ఖిలాఫత్ ఉద్యమం గురించి వెలువడిన గ్రంథాలలో ఉపన్యాసాలు, ఫత్వాలు, జైలు శిక్షలు, హిందూ ముస్లిం ఐక్యత వివరంగా కనిపిస్తాయి. ఆ ఉద్యమం ఎవరి డబ్బుతో నడిచింది, ఆ డబ్బు ఎలా పోగయింది, చివరకు ఏమైంది అనే ప్రశ్నలకు మాత్రం ఒకటి రెండు పేరాలకు మించి చోటు దక్కదు. పెద్దల త్యాగాలను స్మరించేచోట రూపాయల ప్రస్తావన మర్యాద కాదనుకోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు. కాని 1924 మార్చిలో అంకారా నుండి వచ్చిన వార్త ఈ ఉద్యమాన్ని కూల్చక ముందే, బొంబాయి ఖజానా నుండి వచ్చిన వార్త దానిని లోలోపల గుల్ల చేసింది. చందా చరిత్ర తెలియనిదే ఉద్యమ చరిత్ర పూర్తి కాదు.

చందాతో సంస్థను నడపడం భారత ముస్లిములకు 1919లో కొత్త విషయం కాదు. 1857 తిరుగుబాటు అనంతరం నవాబుల ఆదరణ చాలాచోట్ల అంతరించిన కాలంలోనే ఆ పద్ధతి రూపు దిద్దుకుంది. దేవబంద్‌లో 1866లో మదరసా ప్రారంభం కాకముందు హాజీ ఆబిద్ హుసేన్ (రహ్) ఒక తెల్ల రుమాలును జోలెగా చేసి, తన సొంతానివి మూడు రూపాయలు మొదట అందులో వేసి, ఇల్లిల్లూ తిరిగారనీ, సాయంత్రానికి సుమారు మూడు వందలు పోగయ్యాయనీ ఆ మదరసా చరిత్రకారులు వ్రాశారు. తరువాత మౌలానా ముహమ్మద్ ఖాసిం నానౌతవీ (రహ్) మదరసా నిర్వహణకు ఎనిమిది నియమాలు వ్రాసిపెట్టారు. చందా పెంచే ప్రయత్నం ఎన్నడూ ఆగరాదన్నది వాటిలో మొదటిది. జాగీరు గాని, వ్యాపారం గాని, ధనికుని వాగ్దానం గాని స్థిరమైన రాబడిగా ఏర్పడితే అల్లాహ్‌పై భయము, ఆశ రెండూ సడలుతాయనీ, నిర్వాహకులలో కలహం పుడుతుందనీ మరొక నియమం హెచ్చరిస్తుంది. ప్రభుత్వం, ధనికుల జోక్యం హానికరమనీ, పేరు కోరని వారి చందాలో శుభం ఎక్కువనీ చివరి నియమాలు చెబుతాయి.

ఇది కేవలం భక్తిభావన అని తీసివేయడానికి వీలులేదు. దీని వెనుక గట్టి లెక్క ఉన్నది. దేవబంద్ ఏటేటా ప్రకటించిన నివేదికలలో స్వల్పంగా ఇచ్చినవారి పేరు కూడా అచ్చయ్యేది. నగదే కాక పుస్తకాలు, ధాన్యం, వంట సామగ్రి ఇచ్చినవారి వివరాలు కూడా ఉండేవి. 1880లో తపాలా శాఖ మనియార్డరు పద్ధతి ప్రవేశపెట్టిన తరువాత దూర ప్రాంతాలవారు కూడా చందాదారులు కాగలిగారు. వచ్చిన నివేదికలో తన పేరు చూసుకున్న మనిషి మరుసటి ఏడు మళ్ళీ పంపుతాడు. రసీదే మరుసటి చందాకు విన్నపం అయింది.

అలీగఢ్ మార్గం వేరు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కళాశాల కోసం లాటరీ నడిపారు, వేదిక ఎక్కి ప్రదర్శన ఇచ్చారు, దాతల పేర్లు గోడలమీద చెక్కించారు, సంస్థానాధిపతులను ఆశ్రయించారు. హైదరాబాదు దర్బారు సాయం అందులో పెద్దది. ధనం త్వరగానే వచ్చింది. 1895లో కళాశాల ప్రధాన గుమాస్తా లక్షకు పైగా కాజేసినట్లు బయటపడేవరకు లెక్కలు చూసిన నాథుడు లేడు. ఆ దెబ్బ సర్ సయ్యద్ చివరి రోజులను కుంగదీసింది.

అయితే మదరసాకో, కళాశాలకో చందా అడగడం వేరు. ఒక కోర్కెను ప్రభుత్వం ముందు ఉంచడానికి చందా అడగడం వేరు. మొదటిదానిలో దాత కంటికి గోడ కనిపిస్తుంది, చదువుకునే పిల్లవాడు కనిపిస్తాడు. రెండవదానిలో ఆ డబ్బు ప్రయాణ ఖర్చులుగా, తంతి చార్జీలుగా, కరపత్రాలుగా మారిపోతుంది. ఫలితం ఎప్పుడు వచ్చేదీ, అసలు వచ్చేదీ రానిదీ ఎవరూ చెప్పలేరు. ఇటువంటి పనికి జనం ఎందుకు ఇస్తారు?

ఈ ప్రశ్నకు 1912-13 బాల్కన్ యుద్ధకాలం ఒక జవాబు చూపింది. గాయపడిన తుర్కీ సైనికుల చికిత్స కోసం 'కామ్రేడ్' పత్రిక పిలుపునిచ్చింది. ఆ చందాలతో డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వాన వైద్య బృందం 1912 డిసెంబరులో బొంబాయి నుండి బయలుదేరింది. ఇక్కడ చందా దేనికో అందరికీ తెలుసు: మందులు, కట్లు, వైద్యులు. 1913 మేలో లక్నోలో మౌలానా అబ్దుల్ బారీ ఫరంగీమహలీ, ముషీర్ హుసేన్ ఖిద్వాయీ 'అంజుమన్ ఖుద్దామె కాబా'ను స్థాపించినప్పుడు దానికి దేవబంద్ తరహా పునాది వేశారు. సభ్యత్వం ఏడాదికి ఒక రూపాయి. ఆ రూపాయితో పాటు పవిత్ర స్థలాల గౌరవాన్ని కాపాడతానన్న ప్రమాణం. కొద్ది కాలంలోనే వేలాదిమంది చేరారు. కార్యదర్శి మౌలానా షౌకత్ అలీకి ధన సేకరణలో అనుభవం ఉన్నది. ముస్లిం విశ్వవిద్యాలయ నిధికై 1911లో ఆగాఖాన్ చేసిన పర్యటనలో వెంట తిరిగినది ఆయనే. ప్రపంచ యుద్ధం వచ్చి, 1915లో అలీ సోదరులు నిర్బంధంలోకి వెళ్ళడంతో అంజుమన్ చతికిలబడింది. కాని ఒక్కొక్క రూపాయితో జనాన్ని కూర్చవచ్చునన్న పాఠం మిగిలింది.

1919 మార్చిలో బొంబాయిలో ఖిలాఫత్ కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు మియాన్ ముహమ్మద్ హాజీ జాన్ ముహమ్మద్ ఛోటానీ పెద్ద కలప వ్యాపారి. ఉద్యమానికి మొదటి పెట్టుబడి బొంబాయి వర్తకుల నుండే వచ్చింది. ఆ ఏడాది చివరికి కమిటీ అఖిల భారత సంస్థగా విస్తరించాక, పదిమంది సేఠ్‌ల ఔదార్యంతో పని జరగదని స్పష్టమైంది. అప్పుడు వచ్చినదే ఖిలాఫత్ రసీదు. కరెన్సీ నోటును పోలిన ఆ ఒక రూపాయి రసీదును ఇంటిలో దాచుకున్నవారున్నారు. సర్కారు నోటు ఇచ్చి ఖిలాఫత్ నోటు పుచ్చుకోవడం పేదవానికి తానూ ఈ పోరాటంలో ఉన్నానన్న నిదర్శనం. చందా వసూలు, ప్రచారం, సభ్యత్వం మూడు పనులూ ఆ ఒక్క కాగితం చేసింది. ఆ ఉద్యమం కనిపెట్టిన ఉపాయాలలో ఇంతకన్నా ఫలించినది మరొకటి లేదు.

తక్కిన పద్ధతులు సమాజంలో ముందే ఉన్నవి. జుమా నమాజు తరువాత మసీదు గుమ్మంలో రుమాలు పరచడం, బక్రీదునాడు ఖుర్బానీ చర్మాలు సేకరించడం, బెంగాలు పల్లెలలో వంటకు తీసే బియ్యంలో పిడికెడు పక్కన పెట్టడం, ఇవన్నీ ఇచ్చేవానికి భారం కానివి. గ్రీకు సైన్యం స్మిర్నాను ఆక్రమించిన తరువాత అక్కడి బాధితులకై స్మిర్నా నిధి, 1921లో ముస్తఫా కమాల్ పక్షానికి తోడ్పడే అంగోరా నిధి వెలిశాయి. ఉద్యమంలోని ఉలమాలు ఈ నిధులకు జకాత్ కూడా ఇవ్వవచ్చునన్నారు. గాయపడిన సైనికుడు, అనాథ, వితంతువు అన్న మాటలు వినిపించినంతగా ఖిలాఫత్ రాజ్యాంగ ప్రతిపత్తి అన్న మాట జనం గుండెకు తాకలేదు. ప్రతినిధివర్గం ఖర్చులే ఇందుకు సాక్ష్యం. 1920లో మౌలానా ముహమ్మద్ అలీ, సయ్యద్ సులైమాన్ నద్వీ తదితరులు ఐరోపా వెళ్ళి, మార్చి 19న బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్‌ను కలిసి, రిక్తహస్తాలతో తిరిగివచ్చారు. ఆ ప్రయాణానికైన ఖర్చుపై విమర్శలు చెలరేగాయి. అదే జనం స్మిర్నా బాధితులకు నగలు ఒలిచి ఇచ్చారు.

నగల మాట వచ్చింది కనుక స్త్రీల పాత్ర చెప్పుకోవాలి. అలీ సోదరుల తల్లి బీ అమ్మా ఆ వృద్ధాప్యంలో ఊరూరా తిరిగి, పర్దా చాటున ఉండే స్త్రీల సభలలో మాట్లాడారు. ఏ పురుష కార్యకర్తా అడుగు పెట్టలేని ఇళ్ళలోని సొమ్ము ఆమె పిలుపుతో నిధిలోకి వచ్చింది. ముహమ్మద్ అలీ సతీమణి అమ్జదీ బేగం కూడా వసూలు పనిలో దిగారు. 1921 సెప్టెంబరు 14న గాంధీజీతో కలిసి మద్రాసు వెళుతుండగా వాల్తేరు రైల్వే స్టేషనులో ముహమ్మద్ అలీని అరెస్టు చేసినప్పుడు ఆమె భర్త వెంటనే ఉన్నారు. ఇంటికి తిరిగి పోలేదు. గాంధీజీతో ప్రయాణం సాగించారు.

తెలుగునాట ఆ సంవత్సరమే మరొక పెద్ద చందా పిలుపు పుట్టింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు కూర్చాలని తీర్మానించింది. నిర్ణీత మొత్తం, నిర్ణీత గడువు. ఆ గడువుకు కోటి పూర్తయింది. ఖిలాఫత్ నిధులకు అటువంటి హద్దు లేదు. ఒక అవసరం తీరకముందే మరొక పేరుతో మరొక నిధి వచ్చేది. ఇచ్చే చేతులు మాత్రం అవే.

అసలు లోపం వసూలులో లేదు, భద్రపరచడంలో ఉన్నది. లక్షలాది రసీదుల ధనం చివరకు ఒక్క వర్తకుని చేతిలోకి చేరింది. అధ్యక్షుడూ ఆయనే, ఖజానా తాళం చెవీ ఆయనదే. యుద్ధానంతర మాంద్యంలో ఆయన వ్యాపారం చిక్కుల్లో పడింది. 1922 చివర, 1923 మొదట్లో లెక్కలు తీయగా ఖిలాఫత్, అంగోరా నిధులలో సుమారు 16 లక్షల రూపాయలు కలప వ్యాపారంలో ఇరుక్కున్నట్లు తేలింది. బదులుగా ఆయన తన రంపపు మిల్లులను కమిటీకి అప్పగించారు. అంగోరాకు పంపవలసిన సొమ్ము స్థానంలో కమిటీకి యంత్రాలు మిగిలాయి. ఛోటానీ సేఠ్ మొదటి నుండి దురుద్దేశంతో ఉన్నారనడం న్యాయం కాదు. ఉద్యమానికి ఆయన స్వయంగా ఇచ్చినదీ తక్కువ కాదు. ఇచ్చినవాడే దాచేవాడు కావడమే అక్కడి ప్రమాదం. పెద్ద దాతను లెక్క అడగడానికి ఎవరికి నోరు వస్తుంది? ఆ సొమ్ములో జకాత్ కూడా కలిసి ఉన్నదని గుర్తు చేసుకుంటే విషయ తీవ్రత బోధపడుతుంది. జకాత్ వసూలుకు వెళ్ళివచ్చి 'ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చినది' అన్న ఉద్యోగిని దైవప్రవక్త (స) మింబరుపై నుండి మందలించిన సంగతి ఆ నాయకులలో తెలియనివారు లేరు. తెలిసిన సూత్రాన్ని అమలుపరిచే యంత్రాంగమే కొరవడింది.

తుర్కీ చేరిన డబ్బు కథ మరింత విచిత్రం. ముస్తఫా కమాల్‌కు అందిన భారత ముస్లిముల సొమ్ములో కొంత యుద్ధం ముగిసేనాటికి మిగిలి ఉన్నది. 1924 మార్చి 3న అంకారా శాసనసభ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. అదే ఏడు ఆగస్టు 26న స్థాపించిన 'ఇష్ బ్యాంకు'కు ఆ మిగులు నుండి రెండున్నర లక్షల లీరాలు తొలి పెట్టుబడి అయింది. ఖలీఫా గౌరవం కోసం ఇచ్చిన రూపాయి వడ్డీ బ్యాంకు మూలధనంగా మారింది. ఇచ్చినవారిని ఎవరూ అడగలేదు. అడగడానికి ఒప్పందమూ లేదు. దేశ బహిష్కృతుడైన ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు తరువాత నెలకు 300 పౌన్ల భృతి ఏర్పాటు చేసినది హైదరాబాదు నిజాం. ఖిలాఫత్ నిధి కాదు.

అంతకు కొద్ది నెలల ముందే, 1923 డిసెంబరులో, ముహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభ, దానితో పాటు ఖిలాఫత్ మహాసభ కూడా జరిగాయి. అప్పటికే చందాల జోరు తగ్గిపోయింది.

ఖిలాఫత్ నిధిపై ఆధారపడిన సంస్థలలో జామియా మిల్లియా ఇస్లామియా ఒకటి. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లో పుట్టిన ఈ విద్యాపీఠానికి ఖిలాఫత్ కమిటీ సాయమే ఆధారం. అది ఆగిపోయాక మూసివేద్దామన్న మాట కూడా వచ్చింది. హకీం అజ్మల్ ఖాన్ దానిని 1925లో ఢిల్లీకి తరలించి, తన పరపతితో నెట్టుకువచ్చారు. 1927 డిసెంబరులో ఆయన మరణించడంతో ఆ ఆసరా కూడా పోయింది. అప్పుడు హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్, ఆయన సహచరులు నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోకుండా ఇరవై ఏళ్ళు సేవ చేస్తామని 1928లో ప్రమాణం చేశారు. తీసుకున్నది అంతకన్నా చాలా తక్కువే. తరువాతనే జనం ముందుకు వెళ్ళారు. షఫీఖుర్రహ్మాన్ ఖిద్వాయీ పూనికతో 'హందర్దానె జామియా' అనే చందాదారుల సంఘం పెరిగింది. అందులో ఇచ్చేది కొద్ది మొత్తమే, కాని క్రమం తప్పకుండా ఇవ్వాలి. హాజీ ఆబిద్ హుసేన్ రుమాలు అరవై ఏళ్ళ తరువాత మళ్ళీ తెరుచుకున్నట్లయింది. ఓఖ్లాలో కొత్త భవనానికి 1935 మార్చి 1న శంకుస్థాపన జరిగినప్పుడు ఆ రాయి వేసినది నవాబు కాదు, సేఠ్ కాదు. విద్యార్థులలో అందరికన్నా చిన్నవాడైన ఒక బాలుడు.