చిన్న వర్తకుడు, సర్కారు సుంకం: ఒక సింహావలోకనం

తెలుగు నేల మీద కొట్టు పెట్టుకుని బతికే మనిషికీ, పన్ను అడిగే సర్కారుకూ నడిచిన కథను మోటుపల్లి రేవు నుంచి ఎత్తుకోవడం న్యాయం. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వరాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ పుచ్చుకోననీ అందులో చెప్పాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఓడల వ్యాపారులు చిన్నవాళ్లు కారు, నిజమే. కానీ ఎంత కట్టాలో వర్తకుడికి ముందే తెలిసి ఉండాలన్న ధర్మాన్ని ఒక ప్రభువు రాతి మీద ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి పన్ను చట్టాన్నీ ఈ గీటురాయి మీదే పరీక్షించవచ్చు. శతాబ్దం దాటాక రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఆ రేవు వర్తకులకు అలాంటి హామీయే మళ్లీ ఇవ్వవలసి వచ్చిందంటే, హామీలు ఎంతకాలం నిలుస్తాయో ఊహించుకోవచ్చు.

విజయనగర కాలంలో పన్ను రేవు దాటి వీధిలోకి వచ్చింది. మగ్గం మీద, గానుగ మీద, సంత మీద, చివరకు క్షౌరవృత్తి మీద కూడా. సదాశివరాయల ఏలుబడిలో కొండోజు అనే క్షురకుడు తన పనితనంతో అళియ రామరాయలను మెప్పించి, తనకోసం ఏమీ అడగకుండా తన వృత్తివారందరి మీద ఉన్న పన్నును తీసేయించాడు. ఆ మినహాయింపును ఊరూరా శాసనాలుగా చెక్కారు. చేతివృత్తుల పన్నుల చరిత్రలో ఇంత అందమైన ఘట్టం నాకు మరొకటి కనిపించదు. అయితే అది హక్కుగా వచ్చింది కాదు, ప్రభువు దయగా వచ్చింది.

కంపెనీవారి హయాంలో ఆ దయ కూడా లేదు. మద్రాసు రాజధానిలో మొతర్ఫా పేరుతో నేతగాడి నుంచి వడ్రంగి దాకా, కొట్టున్నవాడి నుంచి దారి పక్కన అమ్ముకునేవాడి దాకా అందరి దగ్గరా వసూలు చేశారు. కొందరికి పనిముట్ల మీద, కొందరికి అమ్ముకునే అనుమతి మీద. సరుకు ఊరు దాటితే కట్టవలసిన రహదారి సుంకాలను 1844లో ఎత్తివేసినా మొతర్ఫా మిగిలింది. దాని మీద గొంతెత్తినవాడు మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1852లో ఆయన స్థాపించిన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన అర్జీలో మొతర్ఫా పెద్ద ఫిర్యాదు. పన్ను వసూలుకు సాగిన చిత్రహింసల మీద విచారణ సంఘం వేసి, 1855లో నివేదిక వెలువరించక తప్పలేదు. కొంతకాలానికి మొతర్ఫా కూడా పోయింది. కొండోజు దయతో సాధించినది చెట్టి అర్జీతో సాధించాడు. వర్తకుడు ప్రజాజీవితంలోకి అడుగుపెట్టింది పన్ను ద్వారం గుండానే.

నేటి వ్యవస్థకు పునాది పడిన సంవత్సరం 1939. మద్యనిషేధాన్ని సేలంలో మొదలుపెట్టి చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించిన మద్రాసు ప్రభుత్వాధినేత రాజాజీ, ఖజానాకు పడ్డ గండి పూడ్చుకోవడానికి దేశంలోనే మొదటి సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. రేటు చూస్తే అర శాతమే. కానీ ఆ చట్టం చిన్న వర్తకుడికి విడిగా గీత గీసింది. ఏటా 10 వేల రూపాయల లోపు అమ్మకాలుంటే పన్ను లేదు, 20 వేల దాకా నెలకు 5 రూపాయలు, ఆ పైన మాత్రమే శాతం లెక్క. ఈనాటి జీఎస్టీ కాంపోజిషన్ పథకానికి తాత అదే. మరో మార్పు అంత పైకి కనబడదు. అంతకుముందు కొట్టుకారుడి చిట్టా, ఆవర్జా చాలావరకు అతని సొంత సంగతి. అప్పటి నుంచి అవి సర్కారు అడిగి చూడగల కాగితాలయ్యాయి. నిజాం రాజ్యంలో సరిహద్దు నాకాల దగ్గర కరోడ్‌గిరి శాఖ సుంకం పట్టేది. అక్కడ అమ్మకపు పన్ను చట్టం 1950లో వచ్చింది. రాష్ట్రాలు కలిశాక 1957లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఆ రెండు దారులనూ ఒకటి చేసింది.

ఆ తర్వాతి అర్ధశతాబ్దం చెక్‌పోస్టులదీ వే బిల్లులదీ. బిల్లు లేని అమ్మకానికి జీరో దందా అన్న మాట ఆ కాలంలోదే. మామూళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పన్ను ఎగవేసినవాడు దొరక్కుండా తిరిగాడు, కట్టినవాడు ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాడు అన్నది కొంత అతిశయోక్తే కానీ పూర్తిగా అబద్ధం కాదు. అమ్మకపు పన్ను పక్కనే తూనికలు కొలతల శాఖవారి కాటా ముద్ర, మునిసిపాలిటీ లైసెన్సు, 1987 నాటి వృత్తి పన్ను, గుమాస్తాకు వారపు సెలవు, పనిగంటలు రాసిన 1988 నాటి దుకాణాల చట్టం ఒక్కొక్కటే చేరాయి. ఇందులో చివరిదాన్ని భారమంటే నేను ఒప్పుకోను. తెల్లవారిన దగ్గర నుంచి రాత్రి దాకా నిలబడే కుర్రవాడికి పాత రాజులెవరూ శాసనం వేయించలేదు. వృత్తి పన్నుకు రాజ్యాంగమే ఏడాదికి 2,500 రూపాయల హద్దు పెట్టింది. 1988 నుంచి ఆ హద్దు కదల్లేదు.

2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చినప్పుడు కూడా పాత గీత మాయం కాలేదు. 5 లక్షల నుంచి 40 లక్షల దాకా టర్నోవరు ఉన్నవాడు ఒక శాతం కట్టి ఊపిరి పీల్చుకున్నాడు. 2017 జులై 1న జీఎస్టీతో చెక్‌పోస్టులు లేచిపోయాయి, పోర్టల్ కూర్చుంది. ఇప్పుడు కోటిన్నర దాకా అమ్మే వర్తకుడు కాంపోజిషన్‌లో చేరి ఒక శాతం కట్టవచ్చు. అయితే ఆ పన్నును కొనేవాడి దగ్గర విడిగా వసూలు చేయకూడదు, పక్క రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. సరుకు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ హద్దును ఆంధ్రప్రదేశ్ 2019లో 40 లక్షలకు పెంచుకుంటే తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉంది. అంటే ఏటా 30 లక్షల సరుకు అమ్మే కిరాణా కొట్టు జగ్గయ్యపేటలో ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పొరుగునే ఉన్న కోదాడలో ఉంటే తప్పదు.

ఎనిమిది శతాబ్దాల మీద నా తీర్పు ఇది: పన్ను రేటు చిన్నవాణ్ని కుంగదీసిన రోజులు తగ్గాయి, తేదీలు కుంగదీసే రోజులు వచ్చాయి. మోటుపల్లి వర్తకుడు సుంకం ఇచ్చి వెళ్లిపోయేవాడు. ఇప్పటివాడు అమ్మకం లేకపోయినా లేదని రాసి పంపాలి, ఆలస్యమైతే ఆ ఖాళీ రిటర్నుకే రోజుకు 20 రూపాయల రుసుం. కనుక కొట్టు మూసేసినవారు షట్టరు దించి ఊరుకోకండి, రిజిస్ట్రేషన్ కూడా రద్దు చేయించుకోండి.