ఒకే ఏడు పుట్టిన రెండు పడవలు

1948లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, ష్రీవ్‌పోర్ట్‌లో హోమ్స్ థర్మండ్ చెక్కతో సన్నటి, మొనదేలిన పడవ కట్టాడు. ‘స్కీటర్’ అనే ఆ పడవతోనే బాస్ చేపలు పట్టే పడవల కథ మొదలైంది. అదే ఏడు మిన్నెసోటాలో హోవర్డ్ లండ్ అల్యూమినియం పడవ చేశాడు.

అమెరికా దక్షిణాదిన బాస్ చేప ఒడ్డు వెంబడి, మునిగిన మొద్దుల చాటున నక్కుతుంది. అలాంటి చోట్లకు వాడే పడవలకు అంచులు పొట్టిగా ఉంటాయి. నిలబడి గాలం విసరడానికి ముందు భాగంలో ఎత్తైన వేదిక కావాలి. 1967లో బీవర్ సరస్సులో రే స్కాట్ బాస్ వేట పోటీ పెట్టాక వేగమూ అవసరమైంది. మంచి చోటికి ముందు చేరినవాడిదే పైచేయి. మరుసటి ఏడే ఫారెస్ట్ వుడ్ ‘రేంజర్’ పడవల తయారీ మొదలుపెట్టాడు.

లండ్ పడవ పుట్టిన ఉత్తరాదిన సంగతి వేరు.

మిల్ లాక్స్ లాంటి విశాలమైన సరస్సులో గాలి లేస్తే పొట్టి అంచుల మీదుగా నీళ్లు లోపలికొస్తాయి. వాల్‌ఐ, పైక్ వంటి రకరకాల చేపలు పట్టేవాళ్లు ఎత్తైన అంచులు, లోతైన ‘వి’ అడుగు ఉన్న పడవనే ఎంచుకున్నారు. పిల్లల్ని వెంట తీసుకెళ్లేవారికి నిస్సందేహంగా ఇదే మేలు.