అద్దె దుకాణం, ప్రతిపై హక్కు: వీడియో అద్దె వ్యవస్థ పతనంపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

వీడియో అద్దె దుకాణాలు స్ట్రీమింగ్ వల్లే మూతపడ్డాయన్న అభిప్రాయం బలంగా ఉంది. అమెరికాలో ఈ వ్యాపారం పుట్టి, పెరిగి, పడిపోయిన క్రమాన్ని పరిశీలిస్తే ఆ మాట సగమే నిజమని తేలుతుంది. దుకాణాలు కుంగడానికి కారణాలు వేరు. స్ట్రీమింగ్ అంతకంటే లోతైన మార్పు తెచ్చింది: సినిమా ప్రతిని కొని పదిమందికీ ఇవ్వగలిగే హక్కుకు చోటు లేకుండా చేసింది. ఆ హక్కు భారతీయ చట్టంలో ఎంత మిగిలి ఉంది, తెలుగు సినిమాను కాపాడుకోవడానికి అది ఎలా పనికొస్తుంది అన్నది ఈ వ్యాసంలోని చర్చ.

కీలక పదాలు: వీడియో క్యాసెట్, అద్దె, తొలి అమ్మకపు సూత్రం, స్ట్రీమింగ్, కాపీరైట్, గ్రంథాలయం.

1. ఉపోద్ఘాతం

వీడియో దుకాణాల మీద అమెరికాలో గట్టి పరిశోధనే జరిగింది. ఫ్రెడరిక్ వాసర్ 2001లో వీడియో రాకతో హాలీవుడ్ ఎలా మారిందో రాశారు. జాషువా గ్రీన్‌బర్గ్ 2008లో క్యాసెట్ కొట్టు యజమానుల పాత్రను ముందుకు తెచ్చారు. డేనియల్ హెర్బర్ట్ 2014లో దుకాణాన్ని ఒక సాంస్కృతిక స్థలంగా చదివారు. వీరి కృషి వల్ల దుకాణంలోని అరలు, గుమాస్తాల సలహాలు, వారాంతపు రద్దీ చరిత్రకెక్కాయి. ఈ వ్యాసం వీటన్నిటి కింద ఉన్న పునాదిని పట్టుకుంటుంది. కొన్న క్యాసెట్‌ను అద్దెకివ్వడానికి దుకాణదారుకు ఉన్న అధికారం ఎక్కడిది? అది ఎలా పోయింది?

2. అద్దె వ్యాపారం పుట్టుక

1977లో మిషిగన్‌కు చెందిన ఆంద్రే బ్లే ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ నుంచి 50 సినిమాల వీడియో హక్కులు తీసుకుని తన మాగ్నెటిక్ వీడియో సంస్థ ద్వారా క్యాసెట్లు అమ్మడం మొదలుపెట్టారు. అదే ఏడాది లాస్ ఏంజెలిస్‌లోని విల్‌షైర్ బూలవార్డ్‌లో జార్జ్ అట్కిన్సన్ ఆ 50 సినిమాలనూ కొని అద్దెకివ్వడానికి కొట్టు తెరిచారు. ఏడాది సభ్యత్వం 50 డాలర్లు, జీవిత సభ్యత్వం 100 డాలర్లు, రోజు అద్దె 10 డాలర్లు. అమెరికాలో తొలి వీడియో అద్దె దుకాణంగా చరిత్రకారులు చెప్పేది దీన్నే.

ఫాక్స్ అనుమతి లేకుండా ఆయన ఈ పని చేయగలగడానికి కారణం అమెరికా కాపీరైట్ చట్టంలోని తొలి అమ్మకపు సూత్రం. 1908లో బాబ్స్-మెరిల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు గుర్తించిన ఈ సూత్రం 1976 చట్టంలో 109వ సెక్షన్‌గా స్థిరపడింది. న్యాయబద్ధంగా తయారైన ప్రతిని ఒకసారి అమ్మాక ఆ ప్రతి కొన్నవాడిది. అతను దాన్ని తిరిగి అమ్మవచ్చు, ఎరువివ్వవచ్చు, అద్దెకూ ఇవ్వవచ్చు. నకలు తీసే హక్కు, బహిరంగంగా ప్రదర్శించే హక్కు మాత్రం హక్కుదారుకే ఉంటాయి.

స్టూడియోలకు ఇది నచ్చలేదు. అద్దెలో తమకూ వాటా రావాలంటూ 1980ల తొలినాళ్లలో చట్ట సవరణ కోసం అమెరికా చట్టసభ కాంగ్రెస్‌ను ఆశ్రయించాయి. క్యాసెట్ వ్యాపారులు కూడగట్టుకుని ఆ ప్రయత్నాన్ని ఆపారు. పాటల రికార్డుల అద్దెను 1984లో, సాఫ్ట్‌వేర్ అద్దెను 1990లో కాంగ్రెస్ కట్టడి చేసింది. సినిమాల జోలికి మాత్రం పోలేదు. ఊరూరా వెలసిన వేల దుకాణాలు నిలబడింది ఈ వెసులుబాటు మీదే.

3. క్యాసెట్ లెక్కలు

హక్కు ఉన్నంత మాత్రాన వ్యాపారం సులువు కాలేదు. కొత్త సినిమా క్యాసెట్ టోకు ధర 1990లలో సుమారు 65 డాలర్లుండేది. మూడు డాలర్ల అద్దెకు తిప్పితే పెట్టుబడి రాబట్టడానికే ఆ క్యాసెట్ 22 సార్లు బయటికి వెళ్లి రావాలి. కొత్త సినిమాకు గిరాకీ ఉండేది మొదటి కొద్ది వారాలే. అందుకే దుకాణదారు నాలుగైదు ప్రతులు కొని ఊరుకునేవాడు, శుక్రవారం సాయంత్రం వచ్చినవాళ్లలో చాలామంది వట్టి చేతులతో తిరిగి వెళ్లేవాళ్లు. అలా వెళ్లలేక అరల్లో ఉన్న పాత సినిమానో, విదేశీ సినిమానో తీసుకున్నవాళ్లూ ఉన్నారు. అరలో ఉన్నదే చూడాల్సిన స్థితి వల్ల తెలియని సినిమాతో ప్రేక్షకుడికి పరిచయం ఏర్పడేది.

1985లో డాలస్‌లో డేవిడ్ కుక్ ప్రారంభించిన బ్లాక్‌బస్టర్ ఈ లెక్కను మార్చింది. 1987లో వేన్ హైజెంగా చేతికి వచ్చాక అది దేశమంతా విస్తరించింది. 1994లో వయాకామ్ దాన్ని 840 కోట్ల డాలర్లకు కొన్నది. 1998 ప్రాంతంలో జాన్ ఆంటియోకో హయాంలో స్టూడియోలతో ఆదాయం పంచుకునే ఒప్పందాలు కుదిరాయి. క్యాసెట్‌కు ముందు కట్టేది కొద్ది డాలర్లకు తగ్గింది, బదులుగా అద్దె రాబడిలో పెద్ద వాటా స్టూడియోకు వెళ్లేది. కొత్త సినిమా ప్రతులు అరల నిండా చేరాయి, వినియోగదారు సంతోషించాడు. అంతటి బేరమాడే శక్తి లేని చిన్న కొట్లు మాత్రం దెబ్బతిన్నాయి. మరో మార్పు అంతగా ఎవరి దృష్టికీ రాలేదు: ప్రతికి పూర్తి యజమానిగా ఉన్న దుకాణదారు ఈ ఒప్పందంతో స్టూడియోకు భాగస్వామి అయ్యాడు. చట్టం ఇవ్వని వాటాను స్టూడియోలు ఒప్పందం ద్వారా రాబట్టుకున్నాయి.

4. పతనం: కాలక్రమం చెప్పేది

2004లో బ్లాక్‌బస్టర్‌కు ప్రపంచవ్యాప్తంగా 9,000కు పైగా దుకాణాలుండేవి. అదే దాని శిఖరం. నెట్‌ఫ్లిక్స్ ఆన్‌లైన్ ప్రసారం మొదలుపెట్టింది 2007 జనవరిలో, అదీ సుమారు వెయ్యి శీర్షికలతో. రెండో పెద్ద గొలుసు సంస్థ మూవీ గ్యాలరీ ఆ ఏడాది అక్టోబరులోనే దివాలా రక్షణ కోరింది. స్ట్రీమింగ్ ఇంకా పసిదశలో ఉండగానే వ్యాపారం కూలడం మొదలైందన్నమాట.

అసలు కారణాలు మూడు. మొదటిది డీవీడీ. 1997లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఈ బిళ్లను స్టూడియోలు మొదటి రోజు నుంచే జనం కొనుక్కోగల ధరకు అమ్మాయి. ఇరవై డాలర్లకు వాల్‌మార్ట్‌లో సొంతమయ్యే సినిమాకు అద్దె కట్టేవాళ్లు తగ్గారు. పైగా అది తేలిక కాబట్టి మామూలు కవరులో పోస్టులో పంపవచ్చు. 1997లో రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ స్థాపించిన నెట్‌ఫ్లిక్స్ మొదట బతికింది ఈ పోస్టు కవర్ల మీదే. తర్వాత రెడ్‌బాక్స్ యంత్రాలు రాత్రికి ఒక డాలరుకే బిళ్లలు ఇచ్చాయి. నెట్‌ఫ్లిక్స్ పోస్టు సేవ, రెడ్‌బాక్స్ యంత్రాలు రెండూ తొలి అమ్మకపు సూత్రం నీడలో పెరిగినవే.

రెండోది ఆలస్య రుసుము. 2000లో బ్లాక్‌బస్టర్ దీని ద్వారా రాబట్టింది సుమారు 80 కోట్ల డాలర్లు. ఆదాయంలో ఇంత భాగం వినియోగదారు అసంతృప్తి మీద ఆధారపడిన వ్యాపారానికి బలమైన పునాది ఉండదు. 2005లో దాన్ని ఎత్తివేస్తే రాబడి పడింది, పోటీదారులు మాత్రం తగ్గలేదు.

మూడోది అప్పు. 2004లో వయాకామ్ నుంచి విడిపోయేటప్పుడు వాటాదారులకు దాదాపు 90 కోట్ల డాలర్ల ప్రత్యేక డివిడెండు చెల్లించడానికి బ్లాక్‌బస్టర్ అప్పు చేసింది. మార్పు కోసం పెట్టుబడి కావాల్సిన సమయంలోనే ఆ భారం మెడకు చుట్టుకుంది. 2010 సెప్టెంబరులో సంస్థ దివాలా తీసింది. 2011లో డిష్ నెట్‌వర్క్ కొన్నది. 2014 జనవరికల్లా సంస్థ నడిపే దుకాణాలన్నీ మూతపడ్డాయి. 2019 నుంచి ఆ పేరుతో మిగిలింది ఒరెగాన్‌లోని బెండ్ పట్టణంలో ఒక్కటే.

2000లో నెట్‌ఫ్లిక్స్‌ను 5 కోట్ల డాలర్లకు కొనే అవకాశాన్ని బ్లాక్‌బస్టర్ కాలదన్నుకుందన్న కథనం బాగా ప్రచారంలో ఉంది. అది జరిగిన విషయమే. దాన్నే పతనానికి మూలంగా చెప్పడం మాత్రం డీవీడీ ధర, రుసుము, అప్పు అనే మూడు బలమైన కారణాలను మరుగుపరచడమే.

5. జెడివా దావా: దుకాణం నెట్‌లోకి వెళ్లబోతే

మరి స్ట్రీమింగ్ పాత్ర ఏమిటి? 2011లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక దావా దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. జెడివా అనే చిన్న సంస్థ దుకాణంలో లాగే డీవీడీలు కొన్నది. వందలాది డీవీడీ ప్లేయర్లను ఒకచోట అమర్చింది. రెండు డాలర్లు కట్టిన వ్యక్తికి ఒక బిళ్లను, ఒక ప్లేయరును కేటాయించి, అందులో ఆడే బొమ్మను ఇంటర్నెట్ ద్వారా అతని ఇంటికి పంపింది. ఒక బిళ్ల ఒక సమయంలో ఒక్కరికే. బిళ్లలన్నీ బయట ఉంటే తర్వాతి మనిషి తన వంతు కోసం ఆగాల్సిందే. పద్ధతి అచ్చం అద్దె కొట్టుదే, మధ్యలో తీగ మాత్రం పొడవైంది.

స్టూడియోలు దావా వేశాయి. ఆగస్టులో ఫెడరల్ కోర్టు జెడివా సేవను నిలిపివేసింది. ఇది ప్రతిని అద్దెకివ్వడం కాదని, సినిమాను ప్రజలకు ప్రసారం చేయడమని, దానికి హక్కుదారు అనుమతి తప్పనిసరని కోర్టు భావించింది. వాడిన పాటల ఫైళ్ల పునర్విక్రయంపై నడిచిన రీడిజి కేసులో 2018లో అప్పీలు కోర్టు తొలి అమ్మకపు సూత్రం అలాంటి డిజిటల్ బదిలీలను కాపాడదని తేల్చింది.

ఈ రెండు తీర్పుల సారం ఒక్కటే. అట్కిన్సన్ 1977లో ఎవరి అనుమతీ లేకుండా చేసిన పనిని నెట్‌లో చేయడం ఇక కుదరదు. క్యాసెట్ పోయి డీవీడీ వచ్చినప్పుడు కొట్టు తన సరుకు మార్చుకుని బతికింది. స్ట్రీమింగ్‌లో కొనడానికి ప్రతే లేదు, లైసెన్సు మాత్రమే ఉంది. కాబట్టి కొత్త కొట్టు పుట్టే దారి మూసుకుపోయింది.

దీని ఫలితం ప్రేక్షకుడిదాకా వచ్చింది. 2023 మేలో డిస్నీ ప్లస్ తన సొంత ధారావాహిక విల్లోతో సహా పదుల సంఖ్యలో శీర్షికలను తొలగించింది. మే 12న విడుదలైన క్రేటర్ సినిమా జూన్ 30కి ఆ వేదికపై లేదు. దుకాణాల కాలంలో స్టూడియో ఒక సినిమాను వద్దనుకున్నా, అమ్మిన క్యాసెట్లను వెనక్కి లాక్కోలేకపోయేది. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం ప్రకారం, డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు దక్కేది లైసెన్సు మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలి. అది మంచి చర్యే. కానీ నిజం చెప్పినంత మాత్రాన పోయిన హక్కు తిరిగి రాదు.

6. భారతదేశం, తెలుగు నేల

మన దగ్గర కథ వేరుగా నడిచింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటి నుంచి కలర్ టీవీ, వీసీఆర్ వ్యాపించాయి. తెలుగు పట్టణాల్లో వీడియో లైబ్రరీలు వెలిశాయి. వీసీఆర్ కొనలేని కుటుంబాలు టీవీ, వీసీఆర్, మూడు నాలుగు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని, ఇరుగుపొరుగును పిలిచి తెల్లవార్లూ చూసేవాళ్లు. అమెరికాలోని తెలుగువారికి భారతీయ కిరాణా కొట్లే వీడియో లైబ్రరీలు. మన పాల్ పద్ధతి క్యాసెట్ అక్కడి ఎన్‌టీఎస్‌సీ టీవీలో ఆడదు కాబట్టి, మార్చిన నకళ్లు పప్పులు, పచ్చళ్ల పక్కన అరల్లో ఉండేవి.

ఈ క్యాసెట్లలో చాలా భాగం అనుమతి లేని నకళ్లు. చట్టమూ అమెరికాలో లాగా అద్దె వ్యాపారికి అండగా లేదు. 1994 సవరణతో సినిమా ప్రతిని అద్దెకిచ్చే హక్కు, ఆ ప్రతి అంతకుముందు అమ్ముడుపోయినా సరే, హక్కుదారుకే దక్కింది. విదేశాల్లో న్యాయంగా కొన్న డీవీడీలను ఇక్కడ అద్దెకిస్తున్న ఒక సంస్థపై వార్నర్ బ్రదర్స్ వేసిన దావాలో 2009లో ఢిల్లీ హైకోర్టు ఈ విషయాన్నే నిలబెట్టింది. ఈలోగా కేబుల్ టీవీ, వీసీడీలు, 2007లో మోజర్ బేర్ 28 రూపాయలకే అమ్మిన సినిమా బిళ్లలు అద్దెకు గిరాకీ లేకుండా చేశాయి. తెలుగు ఓటీటీ వేదిక ఆహా 2020లో వచ్చేనాటికి ఇక్కడ అద్దె కొట్లు దాదాపు కనుమరుగయ్యాయి.

7. దుకాణం పోయినా నిలిచిన సేకరణలు

అమెరికాలో కొన్ని చోట్ల దుకాణం లాభం వదులుకుని సేకరణగా మారింది. సియాటిల్‌లో 1988లో మొదలైన స్కేర్‌క్రో వీడియో 2014లో లాభాపేక్ష లేని సంస్థ అయింది. అక్కడ 1,40,000కు పైగా శీర్షికలున్నాయి. న్యూయార్క్‌లోని కిమ్స్ వీడియో మూతపడ్డాక దాని 55,000 సినిమాలు ఇటలీలోని సాలెమీ పట్టణానికి చేరి, 2022లో తిరిగి న్యూయార్క్ వచ్చాయి. 2017లో మూసేసిన విడియాట్స్ 2023లో లాస్ ఏంజెలిస్‌లోని ఒక పాత థియేటరులో మళ్లీ తెరుచుకుంది. స్టూడియోల అనుమతి కోసం ఎదురుచూడకుండా ఈ సేకరణలు బతకగలుగుతున్నాయి, ఎందుకంటే వాటి చేతిలో ప్రతులున్నాయి.

8. ముగింపు

దుకాణాలు తమ తప్పిదాలతో, అప్పులతో, డీవీడీ ధరతో కుంగాయి. స్ట్రీమింగ్ వాటి వారసుడు పుట్టే దారిని మూసింది. వ్యాపారం పోవడం సహజమే అనుకున్నా, సినిమా ప్రతులు సమాజం చేతిలోంచి జారిపోవడాన్ని సహజమని ఒప్పుకోలేం. 1921 నాటి తెలుగువారి మూకీ సినిమా ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూడటానికి లేదన్న బాధ తెలిసిన తెలుగువారు అసలే ఒప్పుకోకూడదు.

మన చట్టంలో ఒక తలుపు ఇంకా తెరిచే ఉంది. 2012 సవరణ ప్రకారం లాభాపేక్ష లేని గ్రంథాలయం లేదా విద్యాసంస్థ న్యాయంగా సంపాదించిన సినిమా ప్రతిని లాభం ఆశించకుండా ఇస్తే అది వాణిజ్యపు అద్దె కిందికి రాదు. డిజిటల్ కాని ప్రతి తన వద్ద ఉంటే, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం దాన్ని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. ఇళ్ల అటకల మీద పడి ఉన్న అసలు వీహెచ్‌ఎస్ క్యాసెట్లకు ఈ నిబంధన వల్ల కొత్త విలువ వచ్చింది. అయితే అయస్కాంత టేపు ఏటికేడు పాడవుతుంది.

కనుక మూడు పనులు వెంటనే జరగాలి. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు, జిల్లా గ్రంథాలయాలు అధీకృత తెలుగు క్యాసెట్లు, వీసీడీలు, డీవీడీలను విరాళంగా సేకరించి జాబితా వేయాలి. పుస్తకాలకూ పత్రికలకూ 1954 చట్టం కింద ఉన్నట్టే, విడుదలైన ప్రతి సినిమాకూ ఒక ప్రతిని ప్రభుత్వ సంస్థలో అప్పగించే నిబంధన తేవాలి. ఓటీటీలోనే విడుదలయ్యే సినిమాలకూ అది వర్తించాలి. పాత క్యాసెట్లున్న కుటుంబాలు, ఒకప్పటి వీడియో లైబ్రరీ యజమానులు వాటిని పారేసే ముందు దగ్గరలోని గ్రంథాలయాన్ని సంప్రదించాలని ఈ వ్యాసకర్త విన్నపం.